మూడు దెబ్బలాయన

మా వీధిలో షట్టర్లు బిగించే మేస్త్రీని అందరం మూడు దెబ్బలాయన అనేవాళ్లం. పాత షట్టరు విప్పేటప్పుడు ఆఖరి బోల్టు తీసేముందు సుత్తితో రేకు మీద మూడు దెబ్బలు వేసి, "తప్పుకోండి!" అని అరిచేవాడు. పైన చుట్టలా ఉండే ఇనుమంతా లోపలివైపే పడుతుంది. కింద మనిషి ఉంటే పచ్చడే. లోపల ఖాళీ దుకాణమైనా ఆ దెబ్బలు మానేవాడు కాదు.

"ఎలుకలకి కూడా జాగ్రత్తలు చెబుతున్నావా మేస్త్రీ?" అని నా సైకిల్ షాపులోంచి ఏడిపించేవాణ్ణి.

"ఎలకకి మాత్రం పెళ్లాం పిల్లలుండరా?" అనేవాడు.

నా షాపు ఎదురుగా ఉన్న బ్యాంకు షట్టరు ఆయన బిగించిందే. దాని కాపలాదారు ఆయన బావమరిది. తల్లి పోతే అక్కే, అంటే మేస్త్రీ భార్యే, పెంచి పెద్దచేసింది. కొన్నాళ్లు బావ దగ్గరే సుత్తి పట్టి, రెండుసార్లు బొటనవేలు చితక్కొట్టుకుని, ఈ పని నా వల్ల కాదని బ్యాంకులో చేరాడు.

ఆ ఏడాది ప్రభుత్వం బయటి అప్పులు తీర్చలేక చేతులెత్తేసింది. దానికి అప్పులిచ్చిన బ్యాంకులు కూడా కూలబడ్డాయి. మనం దాచుకున్నది మనకే ఇవ్వరట! నాకు ఇప్పుడు తలచుకున్నా ఒళ్లు మండుతుంది. మేస్త్రీ భార్యకు గుండె కవాటం పాడైంది. ఆపరేషన్‌కు రోజు కూడా పెట్టారు. ముందు డబ్బు కట్టందే ఆసుపత్రివాళ్లు లోపలికి రానివ్వరు. ఆ డబ్బంతా ఈ బ్యాంకులోనే ఉంది.

మేస్త్రీ పదకొండు రోజులు వరసలో నిలబడ్డాడు. పన్నెండో రోజు ఉదయం సగం లేచిన షట్టరు మళ్లీ దిగిపోయింది. మేనేజరు వెనక తలుపులోంచి జారుకుని, బయట తాళం వేసుకుపోయాడు. కాపలాదారు మాత్రం లోపలే ఉండిపోయాడు.

మొదటి రాయి ఎవరు విసిరారో తెలియదు. రెండోది నేనే విసిరాను. పోలీసులు లాఠీలతో మా మీద పడ్డారు. వీధి మలుపులో బట్టలు కుట్టే ముసలాయన తల పగిలి, కళ్లజోడు మీదుగా నెత్తురు కారింది. పాలమ్మే ఆవిడ ఒక పోలీసు జుట్టు పట్టుకుని గోడకేసి బాదింది. మిగతా పోలీసులు పారిపోయారు. నెత్తురు చూశాక మాకు భయం పోయింది. మనుషులం కామని కూడా అప్పుడే అనిపించాలి, అనిపించలేదు. కర్రలతో, రాళ్లతో, ఉత్త చేతులతో షట్టరును బాదుతూనే ఉన్నాం.

మేస్త్రీ నా షాపులోకి దూరి పానా, సుత్తి పట్టుకొచ్చాడు.

"బాదితే అది లొంగదు. నేను చేసింది. ఎడమపక్క నాలుగు బోల్టులు తీస్తే ఊడొస్తుంది."

"లోపల మీ బావమరిది ఉన్నాడు కదయ్యా!"

"మూడు దెబ్బలు కొడతాగా. నా దగ్గర పనిచేసినవాడు, వాడికి తెలీదా?"

మూడు బోల్టులు తీశాడు. సుత్తి ఎత్తి మూడు దెబ్బలు కొట్టి, "తప్పుకో!" అని గొంతు చించుకున్నాడు. ఆయన పక్కనే ఉన్నాను నేను. మూడొందలమంది బాదుతున్న ఆ రేకు మీద ఆయన దెబ్బలేవో, మావేవో నాకే తెలియలేదు. ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. తర్వాత నాలుగో బోల్టు తీశాడు. మేం తోశాం.

ఇనుమంతా లోపలికి పడింది. దాని మీదుగానే అందరం లోపలికి పరుగెత్తాం. నా కాలి కింద రేకు కదిలింది, దాని కింద నుంచి ఎవరో మూలిగారు. నేను ఆగలేదు. లోపల ఇనప్పెట్టె బద్దలుకొడితే కాగితాలు తప్ప ఏమీ లేవు.

వెనక్కి తిరిగేసరికి మేస్త్రీ ఒక్కడే రేకులెత్తుతున్నాడు. వేళ్లు తెగి రక్తం కారుతోంది. బావమరిది షట్టరు ఊడకుండా రెండు చేతులూ దానికి ఆనించి లోపలి నుంచి అడ్డంగా కాళ్లు తన్నిపెట్టి నిలబడ్డాడు కాబోలు, వెల్లకిలా ఉన్నాడు. ఛాతీ చితికిపోయింది.

పది రోజులకు ప్రభుత్వం బ్యాంకును ఆదుకుంది. ఎక్కడి డబ్బుతో? మందుల మీద, ఇనుము మీద, ఆఖరికి నా సైకిల్ ట్యూబుల మీద పన్ను పెంచి. మేనేజరు కొత్త కుర్చీలో కూర్చున్నాడు. పాత షట్టరు ఎవరు విప్పారో తెలియని ఆ మహానుభావుడు, కొత్తది బిగించమని మేస్త్రీకే కబురంపాడు.

ఆ కబురు చెప్పడానికి వాళ్లింటికి వెళ్లాను. మేస్త్రీ భార్య మంచం మీద కూర్చుని తమ్ముడి యూనిఫాం మడతపెడుతోంది. మేస్త్రీ కట్లు కట్టిన చేతులతో గోడ పక్కన నిలబడ్డాడు.

"మూడు దెబ్బలు కొట్టావా?" అని అడిగింది.

"కొట్టాను."

"వాడికి వినపడదని తెలుసా?"

"తెలుసు," అన్నాడు. "నీ ఆపరేషన్..."

"ఆగు," అందావిడ. "నా కోసం చేశానని మాత్రం ఎక్కడా అనకు."

బ్యాంకు మా డబ్బు తిరిగి ఇచ్చింది. ఆపరేషన్ రోజున మేస్త్రీ ఆటో తెచ్చి గుమ్మంలో పెట్టాడు. ఆవిడ లోపల గడియ పెట్టుకుంది. మేస్త్రీ తలుపు మీద మూడుసార్లు కొట్టాడు. అది స్పష్టంగా వినపడింది, వీధిలో ఉన్న నాక్కూడా. ఆవిడ తియ్యలేదు.