వనెల్లి రాయి మీది పాట

విందిచే ఎడమచేతిలో ఉలి, కుడిచేతిలో సుత్తి. వనెల్లి పేరులో మొదటి అక్షరానికి ఒక గీత దిగిపోయింది, రెండోది దిగుతోంది. ఉలిని రాతి మీద వాల్చి చిన్నచిన్న దెబ్బలతో తోసుకుంటూ వస్తున్నాడు. గట్టిగా కొడితే పాలరాయి అంచు పెచ్చు లేస్తుంది, మరీ మెల్లగా కొడితే గీత వణుకుతుంది. మధ్యమధ్య ఆగి ఊదుతున్నాడు. తెల్లటి పొడి లేచి ముంజేతి మీద వాలుతోంది.

ఫోస్కో వనెల్లి చనిపోయి నెల దాటింది. పాలరాతి గనుల ఊరు కరారా అంతా ఆయన్ను సంగీతంలో పెద్దవాడని మేస్త్రో అనేది. ఊరికి పేరు తెచ్చిన పాట కట్టినవాడని పేపర్లో ఫొటో వేశారు. ఆయన భార్య ఇజోలీనా సమాధి రాయి పని తెచ్చి విందిచేకే ఇచ్చింది. పేరు, ఏళ్ళు, కింద స్వరకర్త అన్న మాట, ఆ కింద ఆ పాట మొదటి చరణం. పైన కొండ, కింద సముద్రం, నడుమ నాన్న గొంతు.

ఆ నాన్న విందిచే నాన్న.

గనిలో కోసిన దిమ్మెను సబ్బు పూసిన దుంగల మీద, మోకులతో ఆపుకుంటూ కొండవాలున కిందికి దించే ముఠాకు ఆయన పెద్ద. దిమ్మెకు ముందు నిలబడి వదలమనీ పట్టమనీ గొంతెత్తి పిలుపు ఇచ్చేది ఆయనే. ఆ పిలుపు తప్పితే దిమ్మె మనుషుల మీదికి వస్తుంది. సర్కారు ముద్రలన్నా కచేరీలన్నా, చర్చి పాదిరీలన్నా పడని మనిషి. కొడుక్కి చర్చి పేరు పెట్టనని, పగ తీర్చుకునేవాడు అని అర్థం వచ్చేలా విందిచే అని పెట్టుకున్నాడు. ఒక చలికాలం మోకు తెగింది. పిలుపు సగంలో ఆగిపోయింది. కింద రాళ్ళ మీద కూర్చుని విందిచే ఆ ఆగడం విన్నాడు.

తర్వాత మామయ్య అతన్ని సమాధి రాళ్ళ కొట్టులో పెట్టాడు. పగలు అక్షరాలు చెక్కాడు. సాయంత్రాలు కొట్లో పాత గిటారు పట్టుకుని, ఎవరూ నేర్పకుండానే వేళ్ళు పుండ్లు పడేదాకా వాయించుకున్నాడు. కొన్నేళ్ళకు నాన్న పిలుపునే పాటగా కట్టాడు. పిలుపు ఆగిన చోటే పాట కూడా తటాలున ఆగుతుంది. గని పక్క పల్లె తొరానోలోని బార్లో తొలిసారి పాడిన రోజు గని మనుషులు చేతిలో గ్లాసులు దించేశారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక ముసలాయన లేచి వచ్చి, తన ముందున్న రొట్టె, ఉప్పులో ఊరిన పంది కొవ్వు అతని ముందుకు జరిపి వెళ్ళాడు.

ఆ పాట పట్టుకుని మిలాన్ వెళ్ళాడు. కంపెనీవాళ్ళకు నచ్చింది. కానీ ఆ రోజుల్లో పాట రికార్డు కావాలంటే హక్కుల సంఘంలో నమోదు కావాలి. నమోదు కావాలంటే స్వరం కాగితం మీద రాయడం వచ్చని పరీక్ష పాసవ్వాలి. విందిచేకి ఒక్క స్వరమూ రాయడం రాదు. అలాంటివాళ్ళ తరఫున పరీక్ష పాసైన ఎవరో ఒకరు సంతకం పెట్టడం అప్పటి రివాజు. కరారా మందుల కొట్టు యజమాని కొడుకు ఫోస్కో వనెల్లి పియానో చదువుకున్నాడు, పరీక్షా పాసయ్యాడు. మాటలకూ బాణీకీ తనే సంతకం పెట్టాడు. ముందు రికార్డు రానీ, నువ్వు పరీక్ష రాశాక పేరు మార్పిద్దాం అన్నాడు.

విందిచే పరీక్ష రాయలేదు. కచేరీ గుమస్తాల ముందు బల్ల మీద కూర్చుని నాన్న గొంతుకు ముద్ర వేయించుకోవడమా అనుకున్నాడు. బార్లో అందరి ముందూ గ్లాసెత్తి, కొండ ఎవడిదీ కాదు, పాటా ఎవడిదీ కాదు అన్నాడు. గనివాళ్ళు బల్లలు చరిచారు. వనెల్లి కూడా ఆ మూల కూర్చునే ఉన్నాడు.

రికార్డు వచ్చింది. ఆ వేసవి సముద్రపు ఒడ్డున ప్రతి కొట్లో అదే మోగింది. పాట ఆగే చోట వనెల్లి వయొలిన్లు నింపాడు. అలా ఖాళీగా వదిలితే జనం రికార్డు పాడైందనుకుంటారట. లేబుల్ మీద పాడినవాడిగా విందిచే బరత్తా, రాసినవాడిగా వనెల్లి. రెండో పాట కావాల్సి వచ్చినప్పుడు కంపెనీ రాసినవాడి దగ్గరికే వెళ్ళింది. వనెల్లి ఏదో కట్టి ఇస్తే అందగాడు ఇంకొకడు పాడాడు. విందిచే తన కొత్త పాటలు మోసుకు తిరిగాడు. మీరు బాగా పాడతారు, మేస్త్రో రాసింది తీసుకురండి అన్నారు. కొన్ని వేసవులు ఒడ్డున హోటళ్ళలో, భోజనాలు చేసేవాళ్ళ మధ్య ఆ ఒక్క పాటే పాడాడు, వయొలిన్లు లేవని తిట్లు తిన్నాడు. తర్వాత గిటారు గోడకు తగిలించి, మామయ్య కొట్టు తీసుకున్నాడు.

ఇప్పుడు ఊళ్ళో చేత్తో అక్షరాలు చెక్కేది అతనొక్కడే. మిగతావాళ్ళు ఇసుక చిమ్మే యంత్రాలు పెట్టుకున్నారు.

వనెల్లి రాయి అతనికి వచ్చిందని తెలిసి బార్లో నవ్వులే నవ్వులు. శ్మశానంలో రాళ్ళు బిగించే నాందో పక్కకు జరిగి చోటిచ్చాడు.

"పేరుకు తగ్గ పని దొరికింది బాబాయ్. ఇన్నాళ్ళకు చిక్కాడు. ఒక అక్షరం ఎగరగొట్టెయ్."

"ఎగరగొడితే నా చెయ్యి వణికిందంటారు" అన్నాడు విందిచే.

చరణం పెన్సిలుతో గీసిన రోజు ఇజోలీనా చూడ్డానికి వచ్చింది. చేతి తొడుగులు తీయకుండా స్టూలు మీద కూర్చుంది. ఆమె బాగుందన్నాక విందిచే ఉలి తుడుచుకుంటూ అడిగాడు.

"కింద మూల చిన్న అక్షరాల్లో నా పేరు కూడా చెక్కుకుంటాను సిన్యోరా. ఆ పాట ఎవరిదో మీకు తెలుసు."

ఆమె తెలియదని అనలేదు.

"ముప్పై ఏళ్ళు మా ఆయన మీకోసం చూశాడు బరత్తా గారూ. తలుపు చప్పుడైతే చాలు, మీరేనేమో అని కూర్చున్నవాడు లేచేవాడు. ఇచ్చేద్దామనో, పోట్లాడదామనో నాకు తెలియదు. మీరు రాలేదు. ఆయన పోయాక నన్నడుగుతున్నారు."

"ఆయనకు గుర్తుండాలి. నేనొచ్చి గుర్తు చేయాలా?"

"పాట ఎవడిదీ కాదని మీరే అన్నారట కదా, అందరి ముందూ. ఆ మాట పట్టుకునే ఆయన నిద్రపోయేవాడు."

"నేనన్నది ముద్రల గురించి."

"ఆయన విన్నది అలా కాదు" అంది ఇజోలీనా. లేచి నిలబడింది. "సమాధి మీద తగవులొద్దు. ఒక్క పేరే ఉండనివ్వండి. కాదంటే చెప్పండి, యంత్రమున్న చోటికి తీసుకెళ్తాను."

యంత్రం అనేసరికి విందిచే చూపు చరణం మీదికి పోయింది. నాన్న గొంతు మీద రబ్బరు అట్ట అంటించి ఇసుక చిమ్ముతారు. రాయి ఇక్కడే ఉండనివ్వమన్నాడు.

ఆమె వెళ్ళాక చెక్కడం మొదలుపెట్టాడు. పైకి చక్కగానే కనిపించేలా, లోతు మాత్రం గోరంత. కరారాలో పాలరాయి బయట పెడితే వానకు అరుగుతుంది. కొన్ని చలికాలాలు పోతే వనెల్లి పేరు లోతుగా మిగులుతుంది, చరణం మాత్రం మాసిపోతుంది, ఆ పేరు కింద పాట నిలవదు. ఒక్కరికీ అర్థం కాదు. సాయంత్రానికి కొండ, సముద్రం అన్న మాటలు అయ్యాయి.

పొద్దున తలుపు తీస్తే పక్కనుంచి ఎండ రాయి మీద పడుతోంది. పేరులో అక్షరాలు ఒకవైపు నీడ, ఒకవైపు వెలుగుతో లేచి నిలబడ్డాయి. చరణంలో అక్షరాలకు నీడే లేదు. రాతి మీద ఎవరో తడివేలితో గీసినట్టున్నాయి. విందిచే వాటిని చాలాసేపు చూశాడు. పాట ఎటూ పోయింది. ఈ పనితనం కూడా పోతే తనదని చెప్పుకోవడానికి చేతుల్లో ఇంకేం మిగలదు. ఉలి నూరుకొచ్చి, కొండ దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి పేరు కన్నా లోతుగా దించాడు. నాన్న అన్న మాట దగ్గర సుత్తి దెబ్బలు పడే తీరు తనకు తెలిసిందే, నాన్న పిలుపు లయే. ఒక దెబ్బ, ఆగడం, ఇంకో దెబ్బ.

మూల ఖాళీగానే వదిలాడు.

రాయి తీసుకెళ్ళడానికి నాందో లారీ తెచ్చిన రోజు ఇజోలీనా కూడా వచ్చింది. తొడుగు తీసి చరణం మీద వేలు పెట్టి చివరిదాకా నడిపింది. వేలు లోపలికి దిగుతుంటే ఆగి చూసింది.

"ఇంత లోతు అవసరమా?"

"నాలుగు కాలాలు ఉండాల్సిన రాయి కదా సిన్యోరా."

ఆమె తల ఊపింది. చదువుకుంటూ పాట సన్నగా కూనిరాగం తీసింది. ఆగాల్సిన చోట ఆగలేదు, వయొలిన్ల ముక్క కూడా అందుకుంది. లారీ పక్కన నాందో కూడా అదే ముక్క ఈల వేస్తూ వచ్చి, మేస్త్రో పాటంటే పాటే అన్నాడు. అన్నాక విందిచే ముఖం చూసి ఈల ఆపేశాడు.

విందిచే రాతి మీద చివరి పొడి గుడ్డతో తుడిచాడు. రాయిని నాందో చేతుల మీదికి వంచాడు.

"అంచు పట్టకు, పెచ్చు లేస్తుంది. అడుగు నుంచి పట్టుకో" అన్నాడు, బరువు నాందో మీదికి పూర్తిగా మారేదాకా వదల్లేదు. తర్వాత వదిలాడు.