చెంచా చెంచాగా పట్టిన నీళ్ళు

మా మేనత్త పోయిందని నాన్న ఫోన్ చేసినప్పుడు నేను ఉప్పల్‌లో బస్సు కోసం నిల్చున్నాను. నిద్రలోనే గుండె ఆగిందట. పగలు కాసేపైనా ఆమె నడుం వాల్చగా నేను చూడలేదు. ఈ నాలుగు మాటలు రాద్దామని కూర్చుని, ఇప్పటికి చాలాసార్లు లేచాను.

నాచారంలో మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేది. తొలి వానలకు నల్లా నీళ్ళు రంగు మారితే ఇంట్లో నిలిచేది కాదు. దోసిట్లో పట్టి వాసన చూసి, గల్లీ పొడుగునా చెప్పుకుంటూ పోయేది: "మరగవెట్టుకోండ్రి, ఊకె తాగకుండ్రి." ఎవరికైనా విరేచనాలు పట్టుకున్నాయని తెలిస్తే కిటికీలోంచే అడిగేది. "నీళ్ళలెక్క అయితున్నయా? నెత్తురు గిట్ల వడ్డదా?"

కాన్వెంటులో అలాంటి మాటలు నోట రానివ్వని నేను సిగ్గుతో గోడ వైపు తిరిగేదాన్ని. "నువ్వు సిగ్గువడితే రోగం సిగ్గువడతదా?" అనేది. పుస్తకంలోంచి నా తల ఎత్తించి గల్లీలోకి తీసుకుపోయింది ఆమే.

మందు గట్టిగా ఉంటే జబ్బు తొందరగా పోతుందని మా గల్లీలో చాలామంది ఓఆర్‌ఎస్ ప్యాకెట్టంతా ఒక్క గ్లాసులో కలిపేవారు. అత్తమ్మ ఊరుకునేది కాదు. "పప్పనుకున్నవా, గట్టిగ చేయనీకి? లీటరంటే లీటరే."

నేను డిగ్రీ చదువుతున్నప్పుడు పక్కింటి బాబుకు విరేచనాలు పట్టుకున్నాయి. ఏడాది నిండని పిల్లవాడు. కడుపు ఎండితే అదే కట్టుకుంటుందని వాళ్ళ నాయనమ్మ పాలూ నీళ్ళూ మాన్పించింది. అత్తమ్మ వెంట నేనూ వెళ్ళాను. పిల్లవాడు ఏడుస్తున్నాడు, కంట్లో తడి లేదు. అత్తమ్మ వాడి పొట్ట మీద చర్మం పట్టి వదిలితే ముడత అలాగే కాసేపు నిలిచింది.

"పొద్దుగాల్నుంచి ఉచ్చ వోసిండా?"

"లేదత్తా," అంది తల్లి.

"నీళ్ళు తాపితే ఇంక పారుతది," అంది నాయనమ్మ. "మా పిల్లల్ని గిట్లనే సాదినం. నువ్వేమన్న డాక్టరువా?"

"కాదక్కా. నా పెద్దబిడ్డకు నేను గూడ గిట్లనే నీళ్ళు బంద్ వెట్టిన. దూప దూప అనుకుంట నా కొంగు గుంజింది. నేనియ్యలె."

అత్తమ్మకు ఒక కూతురు ఉండేదని మా ఇంట్లో ఎవరూ నాకు చెప్పలేదు. నాయనమ్మ పిల్లవాణ్ణి తీసి తల్లి చేతికిచ్చింది. తర్వాత, "ఆటో ఎవలు తెస్తరు?" అంది.

కాచి చల్లార్చిన నీళ్ళలో ప్యాకెట్టు కలిపి తెచ్చాను. ఉప్పల్ దవాఖానా దాకా ఆటోలో గిన్నె నేను పట్టుకుంటే అత్తమ్మ చెంచాతో తాగించింది. పిల్లవాడు కక్కాడు. తల్లి భయపడింది.

"కక్కితే కక్కనీ బిడ్డా. జరసేపు ఆగి మళ్ళ తాపుదాం. బయటికి వోయినంత లోపటికి రావాలె. నువ్వు పాలియ్యి, ఆపకు."

డాక్టరు చూసి జింకు మందు రాశాడు. ఇవే నీళ్ళు, తల్లిపాలు పడుతూ ఉండమన్నాడు. మూత్రం రాకపోతే చేర్చుకుని సెలైన్ పెట్టాలన్నాడు. మేము వరండాలో ఉండిపోయాం. తల్లిని బెంచీ మీద కూర్చోబెట్టి అత్తమ్మే పిల్లవాణ్ణి ఎత్తుకుని ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగింది. ఆగి ఒక చెంచా పట్టేది, మళ్ళీ నడిచేది. నేను గోడ మీది టీకాల పోస్టరు చదివిందే చదివాను.

మధ్యాహ్నం దాటాక అత్తమ్మ నడక ఆగింది. చీర ముందు భాగమంతా తడిసి ఉంది. "ఉచ్చ వోసిండు," అని తల్లి ఏడుస్తూ నవ్వింది. నర్సు పొడిబట్ట తెచ్చి, "మార్చుకోమ్మా," అంది.

అత్తమ్మ విననట్టే బెంచీ మీద కూర్చుంది. పిల్లవాడు ఆమె ఒళ్ళో నిద్రపోయాడు. తల గోడకు ఆనించి, మోకాళ్ళకు అంటుకున్న ఆ తడిచీరతోనే, ఎండ వరండా దాటిపోయేదాకా ఆమె కదలలేదు.