మా అప్ప పెట్టిన సంతకం

బాత్‌రూములో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్న ఏడాదే నేను వృద్ధాశ్రమాల గురించి ఆరా తీయడం మొదలుపెట్టాను. అప్పటికి నాకు అరవై రెండు. టెక్కలిలో పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. పెళ్లి చేసుకోలేదు. మా అప్ప, అంటే మా అక్క, నాకంటే ఆరేళ్లు పెద్దది. పాతికేళ్లు కాశీబుగ్గలో జీడిపిక్కలు కొట్టింది. ఆమె భర్త కిడ్నీ జబ్బుతో పోయాడు, పిల్లలు లేరు. ఆ తర్వాత వచ్చి నా దగ్గరే ఉండిపోయింది.

చేతికి కట్టు ఉన్న నలభై రోజులూ ఆమే నాకు తల దువ్వింది, చీర కట్టింది, అన్నం కలిపి పెట్టింది. జీడి సొనకు నల్లబడిన ఆ వేళ్లు నా జుట్టు చిక్కు తీస్తుంటే హాయిగా ఉండాల్సింది పోయి భయం వేసేది. అప్పటికే ఆమెకు సాయంత్రమయ్యేసరికి కాళ్లు ఉబ్బుతున్నాయి. నా కట్టు విప్పిన నెలకే, వారానికి రెండు రోజులు డయాలసిస్ తప్పదని పలాసలో డాక్టరు చెప్పాడు.

మా ఉద్దానం వైపు కిడ్నీ జబ్బు పేరు చెబితే ఎవరూ ఉలిక్కిపడరు. ఎప్పటినుంచి అని అడుగుతారు, అంతే. అప్ప కూడా ఏడవలేదు. ఇక కొబ్బరినీళ్లు తాగకూడదు అన్నప్పుడు మాత్రం డాక్టరు ముఖం వైపు కాసేపు చూసింది. కొబ్బరితోటలో పుట్టి పెరిగిన మనిషి.

నేనే కుదురుగా ఉండలేకపోయాను. ఇద్దరం ఒకేసారి మంచాన పడితే ఎవరు ఎవరికి గ్లాసుడు నీళ్లిస్తారన్నది తెల్లారి లేచింది మొదలు నన్ను తినేసేది. ఫోన్లో వెతికాను, తెలిసినవాళ్లను అడిగాను. ఇద్దరం ఒకే గదిలో ఉండేలా ఎక్కడైనా చోటు దొరికితే చాలనుకున్నాను.

మొదట చూసింది విశాఖ వెళ్లే హైవే పక్కన కొత్తగా కట్టింది. రిటైర్మెంట్ కమ్యూనిటీ అని బోర్డు. గోడలకు పట్టుకోవడానికి కడ్డీలు, మంచం పక్కన బెల్లు, మెట్లు లేని గుమ్మాలు. అప్ప బాత్‌రూములోకి వెళ్లి కడ్డీ పట్టుకుని ఓసారి కూర్చుని లేచి చూసుకుంది.

"బాగున్నాది," అంది.

చూపిస్తున్నావిడ డయాలసిస్ మాట వినగానే ఫైలు మూసేసింది. తమ పనులు తాము చేసుకోగలిగినవాళ్లనే తీసుకుంటారట.

"మరి సేసుకోలేనోళ్లు ఎక్కడికెల్తారమ్మా?" అని అడిగింది అప్ప. ఎత్తిపొడుపేం కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. ఆవిడ ఇంకో రెండు చోట్ల పేర్లు చెప్పి పంపేసింది. ఆ రెండు చోట్లకూ ఫోన్ చేస్తే అదే మాట.

తర్వాత సంతబొమ్మాళి దాటి భావనపాడు వైపు వెళ్లే దారిలో ఒకటుందని తెలిసింది. పాత పెంకుటింటికి రెండు వరసల గదులు కలిపి కట్టారు. గదికి నాలుగు మంచాలు. వరండాలో నలుగురు ముసలివాళ్లు గోడకానుకుని కూర్చున్నారు, మేం వస్తే ఒక్కరే తలెత్తారు. ఆ ఇల్లు నడిపేది యాభై ఏళ్లావిడ. మాకు మంచినీళ్లిచ్చి, కాగితం తీసి, నా పేరూ వయసూ రాసుకుంది. కింద బాధ్యుల పేరు అని ఒక గడి ఉంది.

"మీ తరఫున ఎవరమ్మా?"

"మా అప్ప," అన్నాను.

"ఆవిడ తరఫున?"

"నేను."

ఆవిడ పెన్ను కింద పెట్టింది. "ఇద్దరూ లోపలే ఉంటే ఎలాగమ్మా? ఆసుపత్రిలో చేర్చాల్సొస్తే రావడానికి, ఆఖర్న తీసుకెళ్లడానికి, బయట ఒక మనిషుండాలి కదా."

నాకు ఆ సంగతి తట్టనే లేదు. ఏం చెప్పాలా అని చూస్తుండగానే ఆవిడ జబ్బుల గురించి అడగడం మొదలుపెట్టింది. "బీపీ, షుగరు అయితే మాత్రలిస్తాం. కిడ్నీ వాళ్లని పెట్టుకోలేమమ్మా, ముందే చెప్తున్నాను. వారానికి రెండుసార్లు పలాస తిప్పే మనిషి మాకు లేడు."

నేను నోరు తెరిచేలోగా అప్ప అంది, "నాకు కాదమ్మా. మా సెల్లికే. నాను తోడొచ్చినాను. బయట మనిషిని నానే. సంతకం ఎక్కడెట్టాల?"

ఆవిడ చూపించిన చోట అప్ప సంతకం పెట్టింది. పిక్కల ఫ్యాక్టరీలో జీతం తీసుకునేచోట వేలిముద్ర వేయడం నామోషీగా ఉందంటే నేను కూర్చోబెట్టి నేర్పిన అక్షరాలు. ఒక్కొక్కటీ విడివిడిగా, పెన్ను గట్టిగా నొక్కి రాసింది. వారానికి రెండుసార్లు ఒంట్లో రక్తమంతా మిషనులోకి పోయి వస్తున్న మనిషి, నాకేమైనా అయితే వచ్చి చూసుకుంటానని రాసిచ్చింది.

కాదు, ఆమెకే ముందు కావాలి అని నేను అనలేదు. అనొచ్చు. కానీ అంటే ఇద్దరికీ లేదంటారని తెలుసు. రెండు నెలల్లో ఒక మంచం ఖాళీ అవుతుందని ఆవిడ చెప్పినప్పుడు తలూపాను. ఖాళీ అవుతుందని ఆవిడకు ముందే ఎలా తెలుసో ఆలోచించలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో చేపల బుట్టలతో ఇద్దరు ఆడవాళ్లు ఎక్కారు. వాళ్లు దిగాక అప్పను అడిగాను, అలా ఎందుకన్నావని.

"మరేటనాల? ఇద్దరికీ లేదనిపించుకోడం కన్నా నీకైనా ఉంటే మంచిది కాదేటి."

"నిన్నొదిలి నేను వెళ్లను."

"ఇప్పుడెల్లమన్నానేటి. నానెల్లిపోయినాక ఎల్లు," అంది, సంతకు వెళ్లొచ్చిన సంగతి చెప్పినట్టే.

నాకు మనసొప్పక, బయట మనిషిగా మా మేనల్లుణ్ణి అడుగుదామని ఊరెళ్లాం. పోయిన మా తమ్ముడి కొడుకు. నలభై ఏళ్లుంటాయి, జీడితోట చూసుకుంటాడు. అతను సంతకం పెడితే, పలాస తిప్పే మనిషిని మేమే పెట్టుకుంటామని చెప్పి ఆ ఇంటావిణ్ణి ఇంకోసారి బతిమాలుదామని నా ఆలోచన. చెప్పిందంతా విని అతను లోపలికెళ్లి ఒక కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు. అతని రక్తపరీక్ష రిపోర్టు. చదవడం నాకొచ్చు. క్రియాటినిన్ అప్పకు మొదట్లో వచ్చిన అంకె కంటే ఎక్కువే ఉంది.

"నా సంతకం ఎన్నాల్లు పనికొత్తాదో నాకే తెల్దు అత్తా," అన్నాడు.

అతని భార్య గుమ్మంలో నిలబడి ఉంది. అప్ప లేచి వెళ్లి ఆ పిల్ల భుజం మీద చెయ్యేసింది.

టెక్కలి ఇల్లు ఖాళీ చేసి కాశీబుగ్గలో రెండు గదులు అద్దెకు తీసుకున్నాం, పలాస ఆసుపత్రికి దగ్గరగా ఉంటుందని. రెండు నెలలకు ఆశ్రమం నుంచి ఫోన్ వచ్చింది, మంచం ఖాళీ అయిందని. ఇప్పుడు కాదన్నాను. అప్ప వినే ఉంటుంది.

ఏడు నెలలు అలా గడిచాయి. డయాలసిస్ అయిన రోజు అప్ప మంచం మీద నుంచి లేచేది కాదు. మర్నాడు కాస్త తేరుకుని కూరగాయలు తరిగిచ్చేది. ఎండాకాలంలో రోజుకు ఇన్ని నీళ్లే తాగాలని కొలత ఉండేది. నాలుక తడి చేసుకోవడానికి ఐసుముక్క అడిగేది. ఆమె ముందు నీళ్లు తాగలేక నేను వంటగదిలోకి వెళ్లి తాగేదాన్ని.

ఒక మంగళవారం పొద్దున్న ఆటో పిలవబోతుంటే, "నాను ఎల్లను," అంది. ఒంట్లో బాలేదేమో అనుకున్నాను. "ఈయేళ కాదు. ఇంకెప్పుడూ ఎల్లను," అంది.

రెండు రోజులు బతిమాలాను. కోప్పడ్డాను. డాక్టరుతో ఫోన్లో మాట్లాడించాను. మేనల్లుడు వచ్చి పక్కన కూర్చుని నచ్చజెప్పబోతే, "ఒక బొండాం కొట్టి తే," అంది. అతను నా వైపు చూశాడు. నేను తల తిప్పుకున్నాను. తెచ్చాడు. సగం తాగి, చాలంది. మూడో రోజు నుంచి నేను బతిమాలడం మానేశాను. అలసిపోయి మానేశానో, ఆమె మాట మన్నించి మానేశానో.

ఆరో రోజు పొద్దున్న ఆమెకు ఊపిరి అందలేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "తీసుకెల్లిపో," అంది. ఆసుపత్రికనో, ఊరికనో నాకిప్పటికీ తెలియదు. ఆటో పిలిచి ఆసుపత్రికే తీసుకెళ్లాను. గేటు దాటేసరికే అయిపోయింది. డాక్టరు మంచి మనిషి, నన్నేమీ అనలేదు. ఒక్క వారం ముందొచ్చి ఉంటే అని ఎవరో నర్సు పక్కావిడతో అంటుంటే విన్నాను.

పదకొండో రోజు కార్యం అయ్యాక నేనే ఆశ్రమానికి ఫోన్ చేశాను. బాధ్యుల గడిలో పేరు కొట్టేసి మళ్లీ రాయాలన్నారు. మేనల్లుడు మారు మాట్లాడకుండా వచ్చి సంతకం పెట్టాడు. ఆ సంతకం వంక చూడకుండా నా సంచీ మోసుకొచ్చి గదిలో పెట్టి వెళ్లిపోయాడు.

ఇక్కడికొచ్చి ఏడాది దాటింది. కడుపుకింత వేళకు పెడతారు. ఆ ఇంటావిడ నోరు మంచిది. ఒకరోజు ఆమెతో కూర్చుని బియ్యంలో మట్టిబెడ్డలు ఏరుతూ, ఆ రోజు జబ్బు మా అప్పదేనని చెప్పేశాను. ఆవిడ చేతులు ఆపలేదు.

"తెలుసమ్మా. ముఖం చూస్తే తెలీదా, మాదీ ఈ వైపే. ఆవిడలా అనకపోయుంటే మీ ఇద్దరినీ పంపేసేదాన్ని."

నన్ను ఓదార్చడానికే అన్నట్టుంది. అలాగే తీసుకున్నట్టు తలూపాను.

నా పక్క మంచం మీదావిడ డొంకూరు వైపు నుంచి వచ్చింది, బెస్తవారి మనిషి. మతిమరుపు. పొద్దున్న టీ తాగాక రోజూ నన్ను అదే అడుగుతుంది.

"నీకెవలున్నారే?"

"మేనల్లుడున్నాడమ్మా."

"బాగున్నాడేటి?"

"ఈ నెల బాగానే ఉన్నాడు," అంటాను.