మా నాన్న వేలిముద్ర వేసిన మాట

మొన్న పొద్దున తెనాలిలో మా వరండాలో కూర్చుని కాఫీ తాగుతూ పేపరు తిరగేస్తుంటే, సముద్రంలో గాలివానకి చిక్కుకున్న మత్స్యకారులు "గాలివాటంగా ఒడ్డుకు చేరారు" అన్న వార్త కంటబడింది. అంటే ఏదో అదృష్టం కొద్దీ కొట్టుకొచ్చారని ఆ రాసినాయన ఉద్దేశం. పేపరు నలిపి మూలకి విసిరికొట్టాను. "పేపరేం చేసిందే నిన్ను?" అన్నారు మావారు ఉలిక్కిపడి. ఏం చేసిందో పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయనకీ చెప్పలేదు; మీకు చెబుతున్నాను.

మా నాన్న అడవులదీవిలో తెరచాప పడవకి సరంగు, అంటే పడవ నడిపే పెద్ద. పడవ ఆయనది కాదు, రేపల్లెలో ఉండే ఒక పెద్దమనిషిది. ఎడమచేతి వాటం అంటాం చూడండి, ఆ వాటమే మా ఇంట్లో గాలివాటం కూడా. గాలి ఎటు నుంచి ఎంత బలంగా వస్తోందో చెంపతో పసిగట్టి, దానికి తగ్గట్టు చాప తిప్పి పడవ నడిపే నేర్పు. ఎవరినైనా మెచ్చుకోవాలంటే "ఆడికి గాలివాటం తెలుసు" అనేవాడు నాన్న, అంతకు మించిన పొగడ్త ఆయన నోట నేను వినలేదు. రేపల్లె హైస్కూల్లో మా తెలుగు మాస్టారు అదే మాటకి నిలకడ లేకపోవడం, అజాగ్రత్త అని అర్థం చెబితే, ఈయన జన్మలో పడవెక్కి ఉండడని లోలోపల నవ్వుకున్నాను.

నేను బాపట్లలో టీచరు ట్రైనింగులో ఉన్న ఏడాది, వేటకి వెళ్ళిన నాన్న పడవ ఈశాన్యం గాలికి చిక్కింది. ఇంటివైపు తిప్పితే బోల్తా పడుతుందని, చాప సగానికి దింపి, రెండు పగళ్ళూ ఒక రాత్రీ చుక్కాని వదలకుండా, కొంచెం కొంచెంగా ఒడ్డువైపు జరుపుకుంటూ బాపట్ల తీరానికి తెచ్చాడు. పడవ అడుగు చెక్క పగిలింది కానీ మా బాబాయితో సహా నలుగురూ బతికారు. కబురు తెలిసి పరుగెత్తుకెళ్ళేసరికి నాన్న అరచేతులు చర్మం లేచిపోయి ఉన్నాయి.

మర్నాడు యజమాని, గుమాస్తాని వెంటబెట్టుకుని వచ్చాడు. ఎలా ఉన్నావని ఒక్క మాట అడగలేదు, తిన్నగా వెళ్ళి పగిలిన చెక్క చూశాడు. గుమాస్తా ఒక కాగితం రాసి నా చేతికిచ్చి, "చదువుకున్న పిల్లవేగా అమ్మాయ్, మీ నాన్నకి చదివి వినిపించు" అన్నాడు. సరంగు పడవను గాలివాటముగా నడిపినందున అడుగు చెక్క పగిలినది అని ఉంది. చదివాను.

నాన్న మొహం వెలిగిపోయింది. "అవునండి బాబుగారూ, గాలివాటంగానే నడిపానండి. లేపోతే నలుగురం ఉండేవాళ్ళం కాదండి" అంటూ ఆ పచ్చి చేత్తోనే వేలిముద్ర వేశాడు.

"విన్నారుగా, వాడి నోటితో వాడే ఒప్పుకున్నాడు" అన్నాడు యజమాని పక్కవాళ్ళతో.

వారం తిరక్కుండా పడవ ఇంకొకరికి ఇచ్చేశాడు. అజాగ్రత్త సరంగన్న పేరు పడ్డాక తక్కిన వాళ్ళూ పిలవలేదు. అరవై ఊళ్ళ నీళ్ళు ఎరిగిన మనిషి, అడవులదీవిలో ఇసుక మీద కూర్చుని పరాయివాళ్ళ వలలు బాగుచేసుకుంటూ ముసలివాడయ్యాడు.

ఆ గుమాస్తా మీద నాకు ఈనాటికీ కోపమే, ఆ మాటకి రెండు అర్థాలున్నాయని అతనికి తెలుసు. నాకూ తెలుసు. మరి నేనెందుకు నోరు మెదపలేదు? యజమాని ముందు భయమేసిందా, నాన్న మొహంలో వెలుగు ఆర్పలేకపోయానా, ఇప్పటికీ తేల్చుకోలేను, అందుకే ఆ కోపంలో పెద్ద వాటా నాదే. "కాయితంలో నన్ను మెచ్చుకునే రాశారు కదమ్మా, మరి పడవెందుకు తీసేశాడో" అని పోయేదాకా అడిగేవాడు నాన్న. ఒక్కసారి కూడా జవాబు చెప్పలేదు నేను.

ఇప్పుడు అటువైపు వెళితే తెరచాప ఒక్కటీ కనబడదు, అన్నీ ఇంజన్లే, గాలి సంగతి ఫోన్లలో చూసుకుంటున్నారు. మంచిదే, ప్రాణాలు దక్కుతున్నాయి. కానీ నాన్న అన్న అర్థంలో ఆ మాట అనేవాళ్ళు అక్కడ కూడా లేరు. గుమాస్తా రాసిన అర్థమే మిగిలింది.