బోరు నీళ్ల రుచి

ఆండర్సన్‌పేటలో నేనెక్కిన ఆటో మొరాయిస్తే, పక్కనే ఉన్న ఇంటి అరుగు మీద కూలబడ్డాను. ఒకప్పుడు అక్కడి బంగారు గనిలో పనిచేసిన పెద్దాయన ఇల్లది. దాహమేస్తోందని చెప్పగానే ఆయన గొంతు తగ్గించాడు.

"ఫిల్టర్ నీళ్లు వద్దు, బోరు నీళ్లే కావాలని అడుగప్పా. నాకైతే మా కోడలు ఇయ్యదు. నీకు తెచ్చిస్తే, మెల్లగా నాకిచ్చేయ్."

కృష్ణా నది నీళ్లు తాగి పెరిగినవాణ్ణి, ఉప్పునీళ్ల దొంగరవాణాకు ఒప్పుకున్నాను.

కోడలు గ్లాసు నిండా తెచ్చి, అక్కడే నిలబడింది.

"తాగన్నా. గనిలో కొట్టిన రాళ్లు చాల్లేదని మా మామ కిడ్నీలో కూడా పెంచుకున్నాడు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా నేను యాడికీ పోను."

తాగాను. సముద్రంలో సున్నం కలిపినట్టుంది. ప్రతి గుటకకూ పెద్దాయన చూపు నా గొంతు వెంబడే దిగింది. ఆఖరి గుటక చూసుకుని ఆమె లోపలికి వెళ్లింది.

"ఎట్లుండాదప్పా?"

"అమృతం" అన్నాను కసిగా.

"నాకు తెలీదా ఏమి" అంటూ ఆయన ఖాళీ గ్లాసు లాక్కుని నాలుక మీద బోర్లించాడు. నా ఆటో బాగుపడి కదిలినప్పుడు కూడా చివరి చుక్క కోసం చూస్తూనే ఉన్నాడు.