నోరు లేని పెట్టె చెప్పింది

చెప్పకుండా పోవడం ఆయనకు కొత్తేమీ కాదు. ఈసారి మాత్రం మరీ ఎక్కువైంది. కండ్లకోయలో మా మేడ మీద చాలా ఏళ్లు కిరాయికుండి, మా ఆవిడ పచ్చిపులుసుకు అలవాటుపడి, తర్వాత గోదావరి పక్క సొంతూరికి వెళ్లిపోయిన ఇంజనీరింగ్ కాలేజీ సారు నిన్న గుండె ఆగి పోయారట. పొద్దున ఫోనొచ్చింది.

గోడకు ఆనుకోవాలన్నా ముందు అరచేయి పెట్టి చూసే మనిషి, ఎద్దు మెడ నిమిరినట్టు. రింగ్ రోడ్డు ఇంకా రాని రోజుల్లో, శామీర్‌పేట దారిలో వాగు మీది పాత వంతెన కింద ఆయనే అగ్గిపెట్టెలంత పెట్టెలు అతికించారు. వాటికి తీగ లేదు, బ్యాటరీ లేదు. పైన బండి పోతే వంతెన వణుకుతుంది. ఆ వణుకులోంచే పెట్టె కరెంటు పుట్టించుకుని, వంతెన ఒంట్లో ఎట్లా ఉందో గాలిలోనే ఆయన కంప్యూటర్‌కు చేరవేస్తుంది.

"అంటే కుదుపులే దానికి బువ్వ అన్నట్టు సార్," అన్నాను.

"అంతేనండి. వంతెనకు నొప్పొస్తే అది నాకు చెబుతుంది. నేను ముందు మీకే చెబుతాను."

ఆ మాట ఊరంతా పంచాను. డ్రైవర్లకు దయ పుట్టింది. కాలేజీ పిల్లలతో షేర్ ఆటో నడిపే మా తమ్ముడైతే వంతెన మొదట్లో గతుకు మీద కావాలనే ఎగిరించేవాడు. "పెట్టె ఉపాసం ఉంటదేమో అన్నా, గింత బువ్వ ఏసి వస్తున్న." సారు పడీపడీ నవ్వేవారు.

ఒక వానాకాలం మొదట్లో ఆయనే తమ్ముణ్ణి ఆపి, "ఇక మెల్లగా పోనివ్వండి, దానికి కడుపు నిండింది" అన్నారు. మేమూ నవ్వాం. వానలు వెనకపట్టాక అధికారులొచ్చి వంతెనకు డ్రమ్ములు అడ్డం పెట్టారు. కింద దూలం బీటలిచ్చిందని, పెట్టెలు ఆ సంగతి ఎప్పుడో చెప్పాయని అప్పుడు తెలిసింది.

"ముందు నాకే చెప్తనంటిరి గద సార్."

"పైవాళ్లకు రాశానండి. తేలేదాకా బయట అనొద్దన్నారు."

"మా తమ్ముని ఆటో బయటిదా సార్?"

ఆయన అరచేయి మా గోడ మీదే ఉంది.

పిల్లలంతా క్షేమం. ఆటో మెల్లగా నడిచింది ఆయన మాట వల్లే, అందుకు దండం. కానీ మా నవ్వులోనే అబద్ధం కలిపి మాకు తాగించారు. నోరు లేని పెట్టె చెప్పింది. నోరున్న సారు చెప్పలేదు.

ఫోన్ వచ్చాక తమ్ముడు అన్నాడు: "ఆ వానకాలమంత నా ఆటో దాటేదాంక సారు కింద వాగుల నిలబడుతుండె అన్నా. పెట్టెలు సూస్తున్నడనుకున్న."

కూలితే చేతులతో ఆపుదామనుకున్నారేమో. ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, బురదనీళ్లలో, తల పైకెత్తి.

"ఏమయ్యో, బస్సు పోతది. సారు ఆఖరి సూపన్న దక్కాల్నా వద్దా?" మా ఆవిడ పిలుస్తోంది.

వస్తున్నా. ఒక్క మాట రాసి వస్తున్నా. ఆయన ఒక్కరోజు ఆ నీళ్లలోంచి గట్టెక్కి, ఆటోకు చెయ్యి అడ్డం పెట్టి ఉంటే, నేను ఇవాళ ఈ కోపం లేకుండా ఏడ్చేవాణ్ణి.