వెంకటసుబ్బమ్మ చదివిన వార్త

వెంకటసుబ్బమ్మకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. పెళ్లయిన కొన్నాళ్లకే భర్త పోతే, కలిగిరిలోని పుట్టింటికి పోకుండా ఆత్మకూరులో అత్త దగ్గరే ఉండిపోయింది. పని అయిపోయాక ఇంట్లో ఇటునుంచి అటు తిరుగుతూనే ఉండేది. బట్టల కొట్టు రంగనాథం తన ఇంటి ముందరి గది ఇచ్చి, ఆడవాళ్ల కోసం గ్రంథాలయం నడపమన్నప్పుడు ఆమెకు ఊపిరి ఆడినట్టయింది. జీతం లేదు. గది ఊడ్చి, చినిగిన పుస్తకాలు అంటించి, మధ్యాహ్నం పేపరు పైకి చదివేది. చుట్టూ కూర్చున్నవాళ్లు చింతపండులో గింజలు తీస్తూ వినేవాళ్లు.

పందొమ్మిది వందల యాభై ఆరులో ఒకనాడు పేపర్లో కొత్త చట్టం సంగతి వచ్చింది. వీలునామా రాయకుండా తండ్రి పోతే, ఆయన సొంత సంపాదనలో కొడుకుతో పాటు కూతురికీ సమానంగా వాటా. చదివి ఆగింది. చుట్టూ ఉన్నవాళ్లు తలవంచుకుని గింజలు తీస్తూనే ఉన్నారు. గోడవార కూర్చున్న మాలకొండమ్మ మాత్రం, "మళ్లా చదువు" అనింది.

సంగతి విన్న మగవాళ్లు పంపకపోవడంతో మర్నాటికి గది సగం ఖాళీ. నాలుగు రోజులకు రంగనాథం వచ్చాడు. చెడ్డవాడు కాదు. భక్తి పుస్తకాలు, కథలు చదవమనీ, ఆస్తుల గొడవ వద్దనీ నచ్చచెప్పాడు. ఆమె వినకపోయేసరికి, బట్టల మూటలు వేసుకోవడానికి గది కావాలన్నాడు. తాళంచెవి ఇచ్చేసింది. పుస్తకాలు ఇవ్వలేదు, అవి ఆడవాళ్ల చందాలతో కొన్నవి.

ఆమె, మాలకొండమ్మ గంపల్లో పుస్తకాలు పెట్టుకుని వీధులు తిరిగారు. ముందరి తలుపు మూసుకున్న ఇళ్లల్లో పెరటి తలుపు తెరుచుకునేది. పుస్తకం తీసుకుంటూ, తండ్రి పోయినేడే పోయినాడు, తనకు వాటా వస్తుందా అని ఒకామె గుసగుసగా అడిగింది. తెలియదని చెప్పి వచ్చిన వెంకటసుబ్బమ్మ అక్కడితో ఊరుకోలేదు. నెల్లూరు పోయి వకీలును అడిగింది. చట్టం రాకముందు పోయినవాళ్ల ఆస్తికి అది వర్తించదని ఆయన చెప్పిన మాట కూడా మోసుకొచ్చి చెప్పింది. అడిగినామె ఏడుస్తూ తలుపు వేసుకుంది.

ఆ చలికాలమే కలిగిరిలో కొట్టు నడుపుకునే వెంకటసుబ్బమ్మ తండ్రి వీలునామా రాయకుండా పోయాడు. దినాలయ్యాక తమ్ముడు కోటిలింగం, వాటా వదులుకున్నట్టు రాసిన కాగితం ముందు పెట్టాడు. అప్పటిదాకా ఆమె తన గురించి అనుకోనే లేదు.

"నేను సంతకం పెడితే, రేపు ఆత్మకూరులో ఏ మొహంతో చదవాలి కోటీ?"

"ఊళ్లో ఆడోళ్ల కోసం తమ్ముణ్ణి వదులుకుంటావా అక్కా?"

కాగితం అక్కడే వదిలేసి లేచి బస్సెక్కింది.

పెద్దమనుషుల పంచాయితీలు చాన్నాళ్లు సాగి, చివరికి తండ్రి కొట్టులో ఒక గది ఆమెకు వచ్చింది. కోటిలింగం మాటలు మానేశాడు. ఈలోగా ఆత్మకూరులో, పెరటి తలుపు తెరిచిన ఆడవాళ్లంతా గ్రంథాలయానికి చోటు కావాలని పంచాయితీ ఆఫీసు వసారాలో బైఠాయించి, ఆఫీసు వెనక ఒక రేకుల గది సాధించుకున్నారు. పుస్తకాలు అందులోకి చేరాయి.

కొన్నేళ్లకు తమ్ముడి కూతురి పెళ్లికి పిలుపు రాలేదు. పెళ్లినాడు ఉండబట్టలేక వెంకటసుబ్బమ్మ కలిగిరి పోయింది. మేళం వినపడేదాకా నడిచింది. ఇంటి మలుపు తిరగలేదు. కాసేపు అక్కడే నిలబడి, వచ్చిన దారినే బస్సు దగ్గరికి పోయింది. సాయంత్రానికి ఆత్మకూరు చేరి గ్రంథాలయం తలుపు తీసింది. పేపరు కోసం కాచుకున్నవాళ్లు ఆమె ముఖం చూసి, కూర్చోమని జరిగి చోటిచ్చారు. ఆమె నిలబడే చదివింది.